బిర్యానీ గోలీ

ఆ రోజుల్లో మియాపూర్‌కి ఇంకా మెట్రో రాలేదు, నాకింకా బుద్ధి రాలేదు. చందానగర్‌లో ఒక చిన్న క్లినిక్‌లో కొత్తగా డాక్టరుగా చేరి, నేను చెప్తే ఎవరైనా వింటారని గట్టిగా నమ్మేదాన్ని. (గోదావరి వైపు దాన్ని కదా, ప్రతి మాటకీ ఒక 'అండీ' తగిలిస్తే రోగం కూడా మర్యాదగా తప్పుకుంటుందనుకున్నాను.) ఆ భ్రమ వదిలించినవాడు, నేను పైవాటాలో కిరాయికున్న ఇంటి ఓనరు అంకుల్.

అంకుల్ శేరిలింగంపల్లిలోనే పుట్టి పెరిగిన మనిషి. తను గేదెలు మేపిన చోట గాజు బిల్డింగులు లేస్తుంటే చూస్తూ కూర్చున్నవాడు, దేనికీ ఫికర్ పడడు. షుగరుంది, అంతకు ముందు ఏడాదే గుండెకి స్టెంటు పడింది. కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర రోజూ ఒకటి వేసుకోమని నేనే రాసిచ్చాను. ఒక ఆదివారం నన్ను కిందికి భోజనానికి పిలిచారు. ఆంటీ మటన్ బిర్యానీ వడ్డించింది. అంకుల్ ఒక పళ్ళెం లాగించి, ఒక మాత్ర మింగి, రెండో పళ్ళెం అందుకుంటూ ఇంకో మాత్ర తీశాడు. నాకు పొలమారింది.

"అదేంటండీ, రెండేసుకుంటున్నారు?"

"పళ్ళేనికొకటి. కొవ్వు కరిగే గోలీయే కద? బిర్యానీ తిన్న దినమే ఏస్కుంట. పప్పన్నం దినం గోలీ దండగ. రిపోర్టు గూడ నార్మల్ వచ్చె."

"మొదట్లో రోజూ వేసుకున్నారు కనకే నార్మల్ వచ్చిందండీ! అసలు నార్మల్ ఉన్నా సరే, షుగరూ గుండెజబ్బూ ఉన్నవాళ్ళు రోజూ వేసుకోవాలి, ఒక్కటే వేసుకోవాలి. అది మీ గుండెకి కాపలా. బిర్యానీకీ దానికీ ఏం సంబంధం లేదు!"

అంకుల్ అంత ఉపన్యాసమూ వదిలేసి ఆఖరి ముక్క పట్టుకున్నాడు. "విన్నవానే? బిర్యానీకి సంబంధం లేదంట. ఇంకో గరిటె ఎయ్యి."

అక్కడితో ఆగితే బాగుండేది. మర్నాడు పొద్దున పార్కులో తన వాకింగ్ దోస్తులందరికీ 'మా డాక్టరమ్మ బిర్యానీ తినమన్నది' అని చాటించాడు. క్లినిక్ తలుపు తీసేసరికి కాన్వాస్ బూట్లతో ఒక గుంపు. "మేడమ్, ఆ బిర్యానీ గోలీ మాకూ రాయండి!" మా పెద్ద డాక్టరుగారు కళ్ళజోడు మీంచి నన్ను చూసి, "డైటు చాలా బాగుందమ్మా, నాక్కూడా రాసిపెట్టు" అన్నారు.

సాయంత్రం దులిపేద్దామని కిందికి దిగాను. తీరా నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. "మీకు మళ్ళీ నొప్పొస్తే నేను తట్టుకోలేనండీ. ఈ ఊళ్ళో తిన్నావా అని నన్నడిగేది మీరిద్దరే."

అంకుల్ పరేషాన్ అయిపోయాడు. "అరె, గిట్ల ఏడుస్తే ఎట్ల డాక్టరమ్మా! ఏమే, జర గోలీ తే." ఆ రోజు నుంచి అన్నం తినగానే మాత్ర మింగి, వాకిట్లో నిలబడి వీధంతా వినబడేలా కేకేసేవాడు: "డాక్టరమ్మా, ఏస్కున్నా!" (పెళ్ళివారు నన్ను చూడ్డానికొచ్చిన రోజు కూడా మానలేదు. అబ్బాయి తల్లి మొహం చూడాల్సిందే. ఆ సంబంధం తప్పిపోయింది, మంచిదే అయింది.)

ఇప్పుడు కొండాపూర్‌లో పన్నెండో అంతస్తులో ఉంటున్నాను. ఈమధ్య షుగరు నన్నూ పలకరించింది. నా కూతురంత వయసున్న డాక్టరు అదే మాత్ర రాస్తే, "నా కొలెస్ట్రాల్ నార్మలే కదమ్మా?" అని నోరు జారాను. ఆ పిల్ల మర్యాదగా నవ్వి, నా పాత ఉపన్యాసం నాకే అప్పజెప్పింది. ఆంటీ దగ్గర నా నోరాగదు కనక సంగతి అంకుల్‌కీ చేరింది. నిన్న భోజనాలయ్యాక ఫోను.

"ఏస్కున్నవా డాక్టరమ్మా?" గొంతు బాగా సన్నబడింది గానీ దబాయింపు తగ్గలేదు.

"ఆఁ, వేసుకున్నానంకుల్."

"ఏంది, నాకే చెప్తున్నవా? లేచి ఏస్కో పో. నేనాగుత."

లేచాను. మాత్ర మింగి, ఫోను పట్టుకుని బాల్కనీలోకెళ్ళి, చుట్టుపక్కల ఫ్లాట్ల వాళ్ళేమనుకుంటారన్న సిగ్గైనా లేకుండా కేకేశాను: "అంకుల్, ఏస్కున్నా!"