తొర్రూరు అక్క, సింగపూర్ పాస్‌పోర్టు

2023లో శివరాత్రి రద్దీ తగ్గాక, హన్మకొండ నుంచి కాశీ, నేపాల్ యాత్రకు బస్సు తీశాను. ఇరవై ఏళ్లుగా నా పని ఇదే. సరిహద్దు కాగితాల విషయంలో నన్ను మించినవాడు లేడని అప్పట్లో కాస్త గర్వం కూడా ఉండేది.

ఆ బస్సులో ముగ్గురు అక్కచెల్లెళ్లున్నారు. తొర్రూరులో బట్టల దుకాణం నడిపే విమలమ్మ పెద్దది, సుగుణమ్మ నడిమిది, హసన్‌పర్తిలో ఉండే పద్మ చిన్నది. పెళ్లిళ్లయ్యాక ముగ్గురూ కలిసి చేస్తున్న మొదటి ప్రయాణం అది. ఫారాలన్నీ విమలమ్మే నింపింది. "కార్డులు వచ్చేటప్పుడు తెస్తం" అంటే సరేనన్నాను. మనవాళ్లు నేపాల్ పోవడానికి ఓటరు కార్డు చాలు.

సునౌలీ సరిహద్దు దగ్గర పొద్దున ఉప్మా తినిపించి కార్డులు అడిగాను. సుగుణమ్మ ఎర్ర పాస్‌పోర్టు చేతిలో పెట్టింది. దాని మీద సింగపూర్ అని ఉంది.

"అక్కా, నువ్వు సింగపూర్ సిటిజన్‌వా?"

"పెండ్లయి ఆడనే ఉంటున్న గద తమ్మీ. ఏటా తొర్రూరుకొస్త. అయిదేండ్ల ఈ-వీసా ఉన్నది, ఎన్నిసార్లయినా రావొచ్చు. జర ఫికర్ చెయ్యకు."

ఈ-వీసా అంటే ఆన్‌లైన్‌లో తీసుకునేది. ఎన్నిసార్లయినా రావచ్చన్నది నిజమే. కానీ ఏ దారిన రావాలో కూడా అందులోనే ఉంటుంది. జాబితాలో ఉన్న విమానాశ్రయాల్లో దిగాలి. రోడ్డు మీద దేశం దాటి వెళ్లనిస్తారు గానీ, అప్పట్లో సునౌలీ గేటు నుంచి మళ్లీ లోపలికి రానిచ్చేవారు కాదు. ఏటా హైదరాబాద్‌లో దిగే ఆమెకు ఆ అవసరమే ఎప్పుడూ రాలేదు.

విమలమ్మ నామీద లేచింది. "మా చెల్లె పరాయి దేశపామెనా? తొర్రూరుల పుట్టిన పిల్ల!"

"పుట్టుక గాదక్కా, ఆళ్లు పాస్‌పోర్టు చూస్తరు."

సుగుణమ్మ ముఖం చిన్నబోయింది. "నేను ఇవతల గోరఖ్‌పూర్‌ల ఉంట. మీరు పోయి రాండ్రి" అని సంచి సర్దుకోవడం మొదలుపెట్టింది. పద్మ ఆ సంచి లాక్కుని దాని మీదే కూర్చుంది. తప్పు నాది. సుగుణమ్మ యాస విని మన మనిషే అనుకున్నాను, కార్డు అడగలేదు. నన్ను నేనే తిట్టుకున్నాను.

తర్వాత దారి చెప్పాను. ఇక్కడ ఎగ్జిట్ స్టాంపు, అంటే దేశం దాటినట్టు ముద్ర వేయించుకోవాలి. అవతల నేపాల్ వీసా ఇస్తారు. తిరుగు ప్రయాణం మాత్రం ఖాట్మండు నుంచి కాశీకి విమానంలో. కాశీ విమానాశ్రయం జాబితాలో ఉంది.

"ఒక్కదాన్ని పంపం," అంది విమలమ్మ, జీవితంలో విమానం ముఖం చూడని మనిషి. "మేం గూడ ఎక్కుతం. పడితే ముగ్గురం పడ్తం."

విదేశీయుల వరుసలో వీపున బ్యాగులు మోసే తెల్లవాళ్ల మధ్య పట్టుచీరలో, ఉప్మా డబ్బాతో నిలబడింది సుగుణమ్మ. ఏ దేశమని అధికారి హిందీలో అడిగితే, "తొర్రూరు" అంది.

"అక్కా, సింగపూర్ అను!" అని వెనక నుంచి అరిచాను. ఆయన నవ్వి ముద్ర వేశాడు.

నేపాల్ చూసుకుని మా బస్సు తిరిగి కాశీ చేరేసరికి ముగ్గురూ మాకంటే ముందే దిగి సత్రం మెట్ల మీద మా కోసం ఎదురుచూస్తున్నారు. కిటికీ సీటు కోసం కొట్లాడుకున్నారట.

ఇప్పుడు నా బుకింగ్ కౌంటర్ ముందు ఎంత చక్కటి వరంగల్ మాట వినిపించినా, ముందు కార్డు చూస్తాను. తర్వాత, తిరిగి ఏ దారిన వస్తారని అడుగుతాను. వెళ్లే దారి అందరూ ఆలోచిస్తారు, వచ్చే దారి నేను ఆలోచించాలి.

మరుసటి ఏడాది సుగుణమ్మ తొర్రూరుకొచ్చి ఫోన్ చేసింది. "తమ్మీ, ఈసారి ఎంబసీల అడిగి, రోడ్డు మీద గూడ రానిచ్చే వీసా తీసుకున్న. బస్సుల మూడు సీట్లు పక్కపక్కన పెట్టు."

వెనక నుంచి విమలమ్మ ఫోన్ గుంజుకుంది. "బస్సు పోయేటప్పుడే. వచ్చేటప్పుడు విమానమే. కిటికీ సీటు నాకు రాయి."