మనుషుల్ని అడ్డంగా సాగదీసిన దర్శకుడు

ఫిల్మ్‌నగర్‌లో ఇళ్ళకంటే బండరాళ్ళే ఎక్కువగా ఉన్న ఆ రోజుల్లో, సినిమా గురించి నాకు తెలియనిది ఏదైనా ఉంటే అది ఇంకా ఎవరూ కనిపెట్టలేదని నా నమ్మకం. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, ఒక రికార్డింగ్ స్టూడియోలో సౌండ్ మెషీన్లు బాగుచేసే ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాదిన్నర. కృష్ణానగర్‌లో ఇద్దరు డాన్సర్లతో కలిసి ఒక గదిలో ఉండేవాణ్ణి. పొద్దున్నే వాళ్ళు అద్దం ముందు అడుగులు వేసుకుంటుంటే నేను మంచం మీద కూర్చుని ఆ రోజు పనులకు అంకెలు వేసుకునేవాణ్ణి. (ఒకటి: పళ్ళు తోముకోవడం. రాయకపోయినా తోముకునేవాణ్ణే. కానీ కొట్టెయ్యడానికి ఒకటి సిద్ధంగా ఉంటే రోజు బాగా మొదలవుతుందని.) వయసు ఇరవై నాలుగు. మెడలో స్టాప్‌వాచ్, జేబులో రెండు రంగుల పెన్నులు. స్టూడియోలో అందరూ నన్ను 'డిప్లొమా' అని పిలిచేవారు. అది గౌరవమనుకున్నాను.

జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాత ఉండేవారు. ఆయన్ని పెద్దాయన అనే పిలిచేవారందరూ. ఇంటి వెనక ఆయనకు సొంత ప్రివ్యూ థియేటర్ ఉండేది, ముప్పై సీట్లది. ఆదివారం పొద్దున దాన్ని కాలేజీ పిల్లలకు వదిలేసేవారు. ఎనిమిది మంది వచ్చేవారు. వాళ్ళకు నాయకురాలు ఒక సన్నటి అమ్మాయి. ఏది చెప్పినా "ఎందుకండీ?" అనేది కాబట్టి నేను ఆ పిల్లకు 'ప్రశ్నలమ్మ' అని పేరు పెట్టాను. (అప్పట్లో ఇది పెద్ద చమత్కారంగా తోచింది.) ప్రశ్నలమ్మకు వేరే ఊళ్ళో ఉన్న ఫిల్మ్ స్కూల్లో డైరెక్షన్ చదవాలని కోరిక. దరఖాస్తుతో పాటు సొంతంగా తీసిన పది నిమిషాల సినిమా ఒకటి పంపాలి. పెద్దాయన తన పాత కెమెరా ఇస్తానన్నారు. పెద్ద సినిమాల షూటింగుల్లో మిగిలిపోయిన ముడి ఫిల్ము ముక్కలు కూడా ఇస్తానన్నారు. అన్నీ అతికిస్తే ఒక్క సినిమాకు సరిపోతాయి. తప్పు జరిగితే మళ్ళీ తియ్యడానికి జానెడు ముక్క కూడా మిగలదు.

ఆ పిల్ల దగ్గర కథ ఉంది. ఒక నగరంలో మనుషులు సొంతంగా మాట్లాడకూడదు. పొద్దున్నే ప్రతి ఇంటికీ ఒక కాగితం వస్తుంది. ఆ రోజు మాట్లాడాల్సిన మాటలన్నీ అందులోనే ఉంటాయి. ఒకరోజు ఒక ముసలామెకు కాగితం రాదు. అంతే కథ. ఇప్పుడు తలుచుకుంటే వెన్ను జలదరిస్తుంది గానీ, అప్పుడు నేను విని, "బాగానే ఉంది, టెక్నిక్ లేదు" అన్నాను.

టెక్నిక్ నేర్పడం కోసమే పెద్దాయన ఒక ఫిల్మ్ సొసైటీ నుంచి విదేశీ చిన్న సినిమా ప్రింటు తెప్పించారు. అదీ ఇలాంటి చీకటి భవిష్యత్తు కథే. అద్దాలు నిషేధించిన నగరం, అందులో ఒక కూలివాడికి అద్దం పెంకు దొరుకుతుంది. మాటల్లేవు. పద్దెనిమిది నిమిషాలు. "నువ్వు చూసి, అందులో ఏమేం పనితనం ఉందో విడమర్చి పిల్లలకు చెప్పవోయ్" అన్నారు పెద్దాయన. శనివారం నేనొక్కణ్ణే కూర్చుని రెండుసార్లు చూశాను. ఆపరేటర్ పైన గదిలో మెషీన్ నడిపాడు. ఆయనది షేక్‌పేట, అందరికీ షేక్‌పేట అన్న. నేను స్టాప్‌వాచ్ నొక్కుతూ, నలుపు పెన్నుతో షాట్లు, ఎరుపు పెన్నుతో అర్థాలు రాసుకున్నాను. మొత్తం నలభై ఒక్క అంశాలు తేలాయి.

వాటిల్లో మొదటిదీ, నా గుండె ఝల్లుమనిపించినదీ ఏమిటంటే, ఆ సినిమాలో మనుషులందరూ పొట్టిగా, వెడల్పుగా ఉన్నారు. ముఖాలు దిబ్బరొట్టెల్లా ఉన్నాయి. గడియారం గుండ్రంగా లేదు, పడుకోబెట్టిన కోడిగుడ్డులా ఉంది. బండి చక్రాలూ అంతే. పొద్దున్నే ఉదయించే సూర్యుడూ అంతే. ప్రభుత్వం మనిషిని నెత్తిమీద నొక్కి నొక్కి అణిచేస్తే మనిషి ఇలా అడ్డంగా సాగిపోతాడని దర్శకుడు ఎంత లోతుగా చెప్పాడో కదా అనుకుని, ఎరుపు పెన్నుతో రెండు గీతలు గీశాను.

ఆదివారం సినిమా వేశాక కర్ర పుచ్చుకుని తెర ముందు నిలబడ్డాను. ముప్పావుగంట మాట్లాడాను. గడియారం దగ్గరకు వచ్చేసరికి నా గొంతే నాకు ముద్దొచ్చింది. "కాలాన్ని కూడా చదును చేశాడు చూడండి!" అన్నాను. ఏడుగురు పిల్లలు రాసుకున్నారు. ఎనిమిదో పిల్ల చెయ్యెత్తింది.

"ఏవండీ, ఇది లెన్స్‌లో తేడా ఏమైనా అయ్యుంటుందా?"

"లెన్సా?"

"ఈ డబ్బా మీద అతికించిన ఫోటోలో అదే ఆయన సన్నగా ఉన్నాడండీ. చూడండి."

నిజంగానే ప్రింటు వచ్చిన రేకు డబ్బా మీద ఒక ఫోటో ఉంది. అందులో కూలివాడు నాకంటే సన్నగా ఉన్నాడు. ఇంకొకడైతే అక్కడ ఆగేవాడు. నేను అరక్షణం కూడా ఆగలేదు. "అదేనమ్మా పాయింటు! ఫోటోలో ఉన్నది ప్రభుత్వం బయటికి చూపించే మనిషి. తెర మీద ఉన్నది అసలు మనిషి. సినిమాను కళ్ళతో కాదు, బుర్రతో చూడాలి. అది ఉంటే" అన్నాను. అందరూ గొల్లుమన్నారు. ప్రశ్నలమ్మ చెవులు ఎర్రబడ్డాయి. తలొంచుకుని తనూ రాసుకోవడం మొదలుపెట్టింది. వాళ్ళ నవ్వు సద్దుమణగక ముందే నేను దాన్ని నలభై రెండో అంశంగా వేసుకున్నాను.

పెద్దాయన చివర్లో వచ్చి, సినిమా చూడకుండా నా మాటలు మాత్రమే విన్నారు. విని భుజం తట్టారు. "ఏవోయ్ డిప్లొమా, నువ్వు ఆ మెషీన్ల దగ్గర ఉండాల్సినవాడివి కాదు. మన వచ్చే సినిమాకి డైరెక్టర్ పక్కన కూర్చుందువుగాని" అన్నారు. ఆ మధ్యాహ్నం జూబ్లీహిల్స్ నుంచి కృష్ణానగర్ దాకా ఎండలో నడిచే వెళ్ళాను. ఆటో ఎక్కితే ఆ ఆనందం తొందరగా అయిపోతుందని.

బుధవారం పొద్దున పెద్దాయన థియేటర్‌లో స్పీకరు గురగురమంటోందంటే వెళ్ళాను. షేక్‌పేట అన్న నన్ను చూసి చేతిలో టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"డిప్లొమా సార్, జర ఒక మాట చెప్త. కోపం చెయ్యకుండ్రి."

"ఏంటన్నా?"

"మొన్నటి బొమ్మకు లెన్స్ మార్చుడు మర్సిపోయిన."

నాకు అర్థం కాలేదు. అర్థం కాకూడదని మనసు గట్టిగా కోరుకుంది. ఆయన విడమర్చి చెప్పాడు. అప్పట్లో మన సినిమాలన్నీ స్కోప్‌లోనే వచ్చేవి. కెమెరా బొమ్మను పక్కల నుంచి నొక్కి ఫిల్ములో పట్టిస్తుంది, థియేటర్లో స్కోప్ లెన్స్ దాన్ని మళ్ళీ అడ్డంగా విప్పుతుంది. ఆ థియేటర్లో ఏళ్ళ తరబడి స్కోప్ సినిమాలే వెయ్యడంతో ఆ లెన్స్ మెషీన్‌తోనే పుట్టినట్టు ఉండిపోయింది. ఆ విదేశీ సినిమా మామూలుది. నొక్కని బొమ్మను విప్పితే మనుషులు దిబ్బరొట్టెలవుతారు. డిప్లొమాలో కటకాల పాఠంలో నాకు ఎనభై ఎనిమిది మార్కులు.

"మరి అప్పుడే చెప్పొచ్చు కదన్నా!"

"చెప్పుదమనే కిందికి దిగిన సార్. గాడ మీరు కట్టె పట్టుకొని గంత మంచిగ చెప్తుండ్రి. సదువుకున్నోడు చెప్తుండు, గట్లనే తీసిండేమోలే అనుకొని మల్ల మీదికి పోయిన." టీ గ్లాసు మళ్ళీ అందుకుంటూ అన్నాడు. "గా పిల్లకు జర చెప్పుండ్రి సార్. పాపం, ఎంటనే పట్టుకుంది గదా."

చెబుతానన్నాను. ఆ పిల్ల సినిమా షూటింగు శనివారం. ఇంకా మూడు రోజులు ఉంది. గదికి వచ్చి, అలవాటు ప్రకారం కాగితం తీసి కారణాలు రాశాను. చెప్పాలి అనే వైపు ఒకటే వచ్చింది: అది నిజం కాబట్టి. చెప్పకూడదు అనే వైపు ఏడు వచ్చాయి. పెద్దాయన మాట, డైరెక్టర్ పక్కన కుర్చీ, పిల్లల ముందు పరువు, పొరపాటున వచ్చినా టెక్నిక్ టెక్నిక్కే కదా అన్న వాదన, ఇలాంటివి. ఏడు ఒకటికంటే ఎక్కువ కాబట్టి నోరు మూసుకున్నాను. లెక్కలో తప్పు లేదు.

శనివారం ఫిల్మ్‌నగర్ బండల మధ్య షూటింగు. నా పాఠం విన్న పిల్లలు తమ నగరంలోనూ మనుషులు అడ్డంగా సాగి ఉండాలనుకున్నారు. మామూలు లెన్స్‌తో మనుషులు వెడల్పుగా రారు కదా, అందుకని పిల్లలు వాళ్ళ వాళ్ళ ఇళ్ళనుంచి దిండ్లు తెచ్చారు. నటీనటుల చొక్కాల కింద దిండ్లు కట్టారు. బుగ్గల్లో దూది కుక్కారు. అట్ట కోసి కోడిగుడ్డు గడియారం చేశారు. ముసలామె వేషానికి కృష్ణానగర్ నుంచి ఒక పెద్దావిడ వచ్చింది, ముప్పై ఏళ్ళుగా గుంపుల్లో నిలబడ్డ జూనియర్ ఆర్టిస్టు. మొదటిసారి కెమెరా తనొక్కదాన్నే చూస్తోందని ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. ఆమెకూ దిండు కట్టారు. ప్రశ్నలమ్మ నా దగ్గరికి వచ్చింది.

"ఏవండీ, ఆవిడకైనా దిండు తీసేద్దామా? ముఖం ఎంత బాగుందో చూడండి."

అప్పుడైనా చెప్పొచ్చు. నా చేతిలో కొలిచే టేపు ఉంది. "అందరికీ ఒకే నియమం ఉండాలమ్మా. ఎడమవైపు రెండంగుళాలు పైకి కట్టించు" అన్నాను. నిజం తెలిసి అన్న మాట అది. కర్ర పట్టుకుని అన్నవన్నీ తెలియక అన్నవి. వాటికి ఇప్పుడు నవ్వు వస్తుంది. దీనికి రాదు.

పది రోజుల తర్వాత పొద్దున అదే థియేటర్లో ప్రింటు వేశారు. పెద్దాయన, వాళ్ళావిడ, ప్రశ్నలమ్మ నాన్నగారు, పిల్లలు, ఆ పెద్దావిడ, వెనక వరసలో నేను. షేక్‌పేట అన్న ఈసారి లెన్స్ రెండుసార్లు చూసుకుని మరీ వేశాడు. నిమిషం గడవకముందే వాళ్ళావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. పెద్దాయన, "ఏంటర్రా, ఊరంతటికీ గవదబిళ్ళలా?" అన్నారు. అక్కణ్ణుంచి నవ్వులు ఆగలేదు. చివరి షాట్ వచ్చింది. కాగితం రాని ముసలామె, జన్మలో మొదటిసారి తన సొంత మాట మాట్లాడబోతుంది. ఆ కళ్ళు ఇప్పటికీ నాకు గుర్తే. నోరు తెరవగానే దూది అడ్డంపడి మాట ముద్దగా వచ్చింది. అదే క్షణంలో ఎడమవైపు దిండు జారి మోకాళ్ళ మీదికి వచ్చింది. థియేటర్ పగలబడి నవ్వింది. తన నవ్వు కూడా కలపాలో వద్దో తెలియక ఆ పెద్దావిడ అటూ ఇటూ చూసింది. ప్రశ్నలమ్మ ఒక్కతే కదలకుండా తెరవైపు చూస్తూ కూర్చుంది.

లైట్లు వేశారు. వాళ్ళ నాన్నగారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "కామెడీ అని ముందే చెప్పొచ్చు కదమ్మా" అన్నారు. ఆ పిల్ల "ఎందుకండీ" అని కూడా అనలేదు. అది చూసి నేను లేచాను. ధైర్యం వచ్చి లేవలేదు, కూర్చోలేక లేచాను.

"తప్పు ఆ అమ్మాయిది కాదండీ. ఆ విదేశీ సినిమాలో మనుషులు మామూలుగానే ఉన్నారు. మనం స్కోప్ లెన్స్‌తో వేశాం. ఈ అమ్మాయి ఆ రోజే అడిగింది. నేనే నోరు మూయించాను."

పైన గదిలోంచి షేక్‌పేట అన్న కిటికీ తీసి, "తప్పు నాది సార్, లెన్స్ నేనే మర్సిన" అన్నాడు. పెద్దాయన ఆయన వైపు చూడలేదు. నన్నే చూశారు.

"నీకెప్పుడు తెలిసిందోయ్?"

జవాబు నా దగ్గర లేకపోలేదు. రోజు, గంట, నిమిషంతో సహా ఉంది. "షూటింగుకి మూడు రోజుల ముందండీ" అన్నాను.

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండును. పెద్దాయన ఆ పిల్ల వైపు తిరిగి, దరఖాస్తు ఎప్పటిలోగా చేరాలని అడిగారు. "శుక్రవారమండీ" అంది. ముక్కలేమైనా మిగిలాయా అన్నారు. లేవంది. నేను ఎడిటింగ్‌కి వచ్చి సాయం చేస్తానన్నాను. ప్రశ్నలమ్మ నాకేసి చూసి, చాలా మర్యాదగా, "మీరు రాకండి, ప్లీజ్" అంది. దిండ్లు కనిపించే షాట్లన్నీ కోసేస్తే నాలుగు నిమిషాలు మిగిలిందట. అదే పంపింది. సీటు రాలేదు. మరుసటి ఏడు ఇంకొక సినిమా తీసి పంపితే వచ్చింది. ఆ మధ్యలో వృథాగా పోయిన ఏడాది నాది కాదు, ఆ పిల్లది. డైరెక్టర్ పక్కన కుర్చీ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నేనూ అడగలేదు.

ఆరేడేళ్ళు గడిచాయి. నేను అదే స్టూడియోలో సౌండ్ ఇంజనీర్నయ్యాను. ఒకరోజు ఒక సినిమా మిక్సింగుకి అసోసియేట్ డైరెక్టర్‌గా ప్రశ్నలమ్మే వచ్చింది. వెంట నలుగురు కుర్ర అసిస్టెంట్లు. నాకు కన్సోల్ వెనక దాక్కోవాలనిపించింది. ఆవిడ మాత్రం నేరుగా వచ్చి నమస్కారం పెట్టి, కుర్రాళ్ళతో, "ఈయన నాకు సినిమా పాఠం చెప్పిన మొదటి మాస్టారు. సౌండ్ గురించి చెప్తారు, శ్రద్ధగా రాసుకోండి" అంది. నలుగురూ పెన్నులు తీశారు.

"పెన్నులొద్దు," అంది ఆవిడ నా వైపు చూడకుండా. "ఈయన చెప్పేవి పెన్సిల్‌తో రాసుకోవాలి."

ఒక కుర్రాడు అది నిజమనుకుని సంచి అంతా వెతికి పెన్సిల్ తీశాడు. అరిగిపోయిన చిన్న ముక్క. ఆవిడ నవ్వింది. ఇన్నేళ్ళలో ఆవిడ నా ఎదుట నవ్వడం అదే మొదటిసారి. నేను చెప్పాల్సింది చెప్పడం మొదలుపెట్టి, రెండో మాటకే ఆగి, "ఇది సరో కాదో నాక్కూడా పూర్తిగా తెలీదు, వేసి విందాం" అన్నాను. ఇరవై నాలుగేళ్ళ డిప్లొమా గనక అక్కడ ఉండుంటే, ఇంత తెలివితక్కువ మాట అన్నవాణ్ణి ఎంత జాలిగా చూసి ఉండేవాడో!