జడ్జమ్మ కుర్చీలో నేను

సిరీ, చరణూ, ఈ పొద్దు సోలారు పలకలు కడిగే ట్రాక్టరు మన ఇంటి ఎనకాలికి వచ్చింది. ఎండకు కాగిన అద్దాల మీద నీళ్ళు పడతానే గుప్పుమని తడిసిన దుమ్ము వాసన. ఆకాశంలో మబ్బు తునక లేదు, ఊరంతా వాన వాసన! ఆ వాసన వస్తే చాలు, నాకు జడ్జమ్మ మతికొస్తాది. మొదటిసారి ఆయమ్మ తావకి పోయిన పొద్దు దావెంబడీ ఇదే వాసన. హుబ్బళ్ళిలో మీకు ఎవురో చెప్పినారంటనే, మీ అవ్వ జడ్జి కుర్చీలో కూర్చునిందని. అది అబద్ధం కాదు తల్లీ. కూర్చుంటి. ఎట్ల కూర్చుంటినో చెప్తా ఇనండి.

జడ్జమ్మది మన పక్కనుండే మంగళవాడ. యాడాడో ఊర్లల్లో జడ్జిగా చేసింది. పదవి దిగినాంక పెన్షన్ తీసుకొని గమ్మున కూర్చోకుండా మళ్ళా నల్లకోటు ఏసుకునింది, ఈ తూరి లాయరుగా. అదీ అప్పీళ్ళే. కింది కోర్టుల్లో ఓడిపోయినోళ్ళ కేసులు బెంగుళూరు హైకోర్టులో వాదిచ్చేది. వారమంతా బెంగుళూరు, శని ఆదివారాలు మంగళవాడలో వాళ్ళమ్మ ఇంట్లో. "ఈ వయసులో నీకేల ఈ తిరుగుడు?" అని ఒక దినం అడిగితి. ఆయమ్మ నగినాది. "నర్సమ్మా, అన్నేండ్లు పైన కూర్చొని నోరు కట్టుకొని వాదాలు ఇంటి. లాయర్లు మంచి మాట మర్చిపోతే నేనే చెప్పేద్దామా అని నాలిక దురద పెడతా ఉండె. ఇంగ తనివితీరా చెప్పుకుంటా" అనింది.

నా కేసు ఏందంటే, మనకు చేను లేదు. చేనుండోళ్ళు సోలారుకి గుత్తకిచ్చి ఏటేటా బాడిగ తీసుకుంటారు. మనకుండేది మేకలు. అవి నీళ్ళు తాగేకి వంకకు పోవల్లంటే వెంకటప్ప చేను నడిమిట్లోనే దావ. మీ తాత వాళ్ళ నాయన కాలం నుంచీ అదే దావ. చుట్టూ పలకలు, కంచెలు వచ్చినాంక మిగిలింది అదొక్కటే. వెంకటప్ప కూడా చేను గుత్తకియ్యాలని దానికి కంప కొట్టేసినాడు. మీ తాత అప్పటికే లేడు. మేకలమ్ముకుంటే నేను బతికేదెట్ల? కోర్టుకు పోతి. పావగడలో ఓడిపోతి, దాని పైకోర్టులోనూ ఓడిపోతి.

ఏల ఓడిపోతినో తెలుసునా? ఎవురి చేన్లో కాలు పెట్టేముందైనా "ఓ అప్పా, పోతాండామప్పో" అని కేకేసేది మన పద్ధతి. కోర్టులో వెంకటప్ప లాయరు "ఆయప్పని అడిగే పోతా ఉంటివా?" అన్నాడు. నేను మర్యాదకు "అడక్కుండా ఎట్ల పోతామప్పా, మేమేమన్నా దొంగలమా?" అంటి. అంతే! అడిగి పోయినారంటే అది ఆయప్ప దయ, నీ హక్కు కాదు అనేసినారు.

మంగళవాడకు పోయి ఈ మాట చెప్తే జడ్జమ్మ నెత్తి కొట్టుకునింది. "మర్యాదతో కేసు పోగొట్టుకున్న మనిషిని ఇప్పుడే చూస్తాండా." ఫీజు మాటెత్తితే, "మేక ఈనినప్పుడు జున్ను తెచ్చియ్యి, బెల్లం ఎక్కువ ఏసి" అనింది. ఆమీట అరుగు మీదికి ఒక పేము కుర్చీ లాగినాది.

"కూర్చో."

"అయ్యో, నేను కిందనే కూర్చుంటానమ్మా."

"కింద కూర్చుంటే జడ్జి ఎట్లయితావు? నేను వాదిస్తా, నువ్వు తీర్పియ్యల్ల. ప్రతి కేసుకూ ఎవురో ఒకర్ని కూర్చోబెడతా. పోయిన వారం పాలామె కూర్చునింది. నన్ను ఓడిచ్చి పంపింది."

కుర్చీ అంచున, పడిపోతానేమో అన్నట్ల కూర్చుంటి. ఆయమ్మ చేతులు కట్టుకొని నా ఎదురుగా నిలబడినాది. ఇంగ నా తరపున మాట్లాడతాదని చూస్తాంటే, వెంకటప్ప తరపున మొదులుపెట్టింది!

"ఏందమ్మా, నువ్వు నా లాయరా, వాని లాయరా?" అని అరిస్తి.

"జడ్జి అట్ల అరవకూడదు" అనేసి మళ్ళా అందుకునింది. "అయ్యా, వెంకటప్పకు ఉండేది ఈ ఒక్క చేను. వానల్లేవు, పంట లేదు. ఊరంతా బాడిగ తింటాంటే ఆయప్ప ఒక్కడే ఎండిన చేను చూస్తా కూర్చోవల్లనా? పక్కింటోళ్ళు కదా అని దావ ఇచ్చినాడు. ఆ మంచితనమే మెడకు ఉరైతే, రేపు ఎవురన్నా ఎవురికన్నా దావ ఇస్తారా?"

అన్నేండ్లు ఆయప్పని తిట్టుకుంటినే గాని, ఆయప్ప కష్టం ఒక్క తూరి కూడా ఆలోచన చేయల్యా. "అమ్మా, నేను ఓడిపోయినట్లే ఉండానే" అంటి.

"అప్పుడే తీర్పా? జడ్జి ఏమన్నా అడగొచ్చు. అడుగు."

రవ్వంత సేపు ఆలోచన చేసి అడిగితి. "దావ ఆయప్పే ఇచ్చినాడంటాండావు. మరి ఆయప్ప సంతకు పోయిన పొద్దు ఎవురిచ్చినారు? చేన్లో ఎవురూ లేకపోయినా కేకేసి పోతానే ఉంటిమి కదా?"

జడ్జమ్మ కండ్లు మెరిసినాయి. అంతలోనే మొగం చిన్నబోయింది. "ఈ మాట నువ్వు కింది కోర్టులో చెప్పలేదు నర్సమ్మా. అప్పీల్లో కొత్త మాట పనికిరాదు. ఆడ చెప్పినవాట్లోనే మన న్యాయం ఎతుక్కోవల్ల." నేను కుర్చీలో నుంచి లేవబోతి. ఆయమ్మ మాత్రం అరుగు మీద కూర్చొని, కండ్లద్దాలు పెట్టుకొని, కోర్టు కాగితాల్లో సాక్షులు చెప్పిందంతా ఒక్కొక్క మాటా పైకి చదవబట్టింది. కన్నడంలో చదివేది, నేను తలూపేది. వెంకటప్ప చెప్పిన కాడికి వచ్చింది. ఆ పొద్దు ఆయప్ప నన్ను ఎగతాళి చేసినాడు, కోర్టంతా నగినారు. మళ్ళా ఇనాల్నా అని నాకు సిగ్గయింది.

"ఆయమ్మ ఒక పిచ్చిది సార్. చేన్లో నరమానవుడు లేకపోయినా కేకేసుకుంటా మేకల్ని తోలకపోతాది."

జడ్జమ్మ ఎగిరి లేచినాది. కాగితాలు అరుగంతా చెదిరిపోయినాయి. "లేని మనిషిని ఎవురన్నా అనుమతి అడుగుతారా? ఆ కేకకు జవాబు కోసం ఒక్క దినమన్నా నిలబడినావా?"

"ల్యా, ఒక్కనాడూ నిలబడల్యా."

"అయితే అది అడగడం కాదే, చెప్పిపోవడం! నీ హక్కు గురించి వాడే సాక్ష్యం చెప్పినాడు!" అని నా రెండు చేతులూ పట్టుకొని ఊపేసింది. ఇద్దరం చిన్నపిల్లోళ్ళ మాదిరి నగినాము.

హైకోర్టు దినం మొదటి బస్సుకే పోతి. ఎంత కోర్టో! ఎవురు చూసినా నల్లకోట్లే. జడ్జమ్మ నా చెయ్యి పట్టుకొని మాట్లాడుకుంటా జడ్జీలు పోయే తలుపు దిక్కుకే నడిచింది. ఆడ నిలబడిన జవాను "మేడం, ఈ దావ కాదు" అంటే ఇద్దరం ఎనక్కి తిరిగినాము. "కాళ్ళకు పదవి పోయిందని ఇంగా తెలీలేదు" అని ఆయమ్మ నా చెవిలో అంటే, అంత భయంలోనూ నగొచ్చింది.

ఆడ కూడా ఆయమ్మ మొదులు వెంకటప్ప మాటే చెప్పింది, వాళ్ళ లాయరు కంటే బాగా. ఆ లాయరు నోరు తెరిచి చూస్తా ఉండిపోయినాడు. ఆమీట ఆ ఎగతాళి మాట చదివి, మెల్లిగా అడిగినాది, లేని మనిషి అనుమతి ఎట్ల ఇచ్చినాడని. జడ్జి పెన్ను కింద పెట్టినాడు. తర్వాత, "ఎంత దావ కావల్ల ఈయమ్మకు?" అని అడిగినాడు.

జడ్జమ్మ నా తట్టు తిరిగింది. నడిమి దావంతా మాదే అని అనొచ్చు. అది వస్తే వెంకటప్ప చేను రెండు తునకలైతాది, సోలారోళ్ళు తీసుకోరు. పక్కనే ఆయప్ప తల వంచుకొని నిలబడినాడు. అరుగు మీద ఇన్న కష్టమంతా ఆ మొగంలో కనిపిచ్చింది. "నడిమిట్లో వద్దు సామీ. గెనెం అంచున, చేను గట్టెంబడి ఇస్తే చాలు. రెండు మేకలు పక్కపక్కన పోయేంత" అంటి. వెంకటప్ప తలెత్తి చూసినాడు. ఆ చూపు మీకు ఎట్ల చెప్పేది! తీర్పు అట్లే వచ్చింది. మనకు దావ, ఆయప్పకు గుత్త. కంప పీకేసింది కూడా ఆయప్పే.

జడ్జమ్మ ఇప్పుడు పెద్దదైంది, కండ్లు సరిగా కనపడవు. చిన్న లాయర్లు చదివి ఇనిపిస్తే ఇంగా అప్పీళ్ళు వాదిస్తాండాది. అరవై దాటినాంక నాకు దొరికిన గురువు ఆయమ్మ. ఊర్లో ఆడోళ్ళు తగువు పెట్టుకొని నా కాడికి వస్తే, ఎదుటామె మాట చెప్పమంటా. సగం తగువులు ఆడనే చల్లారిపోతాయి.

పోయిన వారం మీరిద్దరూ కిటికీ పక్క మంచం ఎవురిదని ఫోన్లోనే కొట్లాడుకుంటిరి. "అవ్వా, నువ్వే చెప్పు" అంటిరి. చెప్తా. చరణూ, నువ్వు సిరి తరపున మాట్లాడు. సిరీ, నువ్వు వాని తరపున. ఉత్తుత్తగా కాదు, ఇంటాంటే మీకే ఒళ్ళు మండేంత బాగా. ఊ, ఎవురు మొదులు?