అన్నయ్యగారిని హాబ్సన్‌విల్‌కి ఇచ్చేశాను

అమెరికావాళ్ళు ఫుట్‌బాల్‌ని సాకర్ అంటారన్న ఒక్క కారణానికి మా ఆయన ఆ దేశపు ఆటను లెక్కలోకే తీసుకునేవారు కాదు. ఆయన ఇంగ్లండ్ లీగ్ భక్తుడు. ఆ మ్యాచ్‌లు న్యూజిలాండ్‌లో మాకు ఆదివారం తెల్లవారకముందే వస్తాయి. అలారం పెట్టుకుని లేచి, దుప్పటి కప్పుకుని కూర్చుని, గోల్ పడితే ఇల్లంతా ఉలిక్కిపడేలా అరిచి, మళ్ళీ ముసుగుతన్ని మధ్యాహ్నం భోజనానికి లేస్తారు. దాన్ని ఆయన క్రీడాభిమానం అంటారు. నేను బద్ధకం అంటాను.

నాకు అమెరికా సాకర్ ఉద్యోగం వల్ల అంటుకుంది. ఆక్లాండ్‌లో నేను పనిచేసే కంపెనీ స్టేడియం టికెట్ల సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. మా కస్టమర్లలో చాలామంది అక్కడి సాకర్ క్లబ్బులవాళ్ళు. వాళ్ళు శనివారం సాయంత్రం గేట్లు తెరిచే వేళకి మౌంట్ ఆల్బర్ట్‌లో మా ఇంట్లో ఆదివారం వంట. ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో ఫోను. గేటు దగ్గర స్కానర్ పనిచేయడం లేదని అక్కణ్ణుంచి ఎవరో గోలపెడుతుంటే, ఇక్కడ పోపులో మాడిన ఎండుమిరపకాయల ఘాటుకి నేను దగ్గి, ముక్కు ఎగబీల్చేదాన్ని. వాళ్ళ కష్టానికి ఏడుస్తున్నాననుకుని ఒకావిడ నన్ను ఓదార్చింది కూడా, పాపం.

ఆ లీగ్ నడిచే పద్ధతి తెలిసేకొద్దీ నాకు ముచ్చటేసింది. ఇంగ్లండ్‌లో ఆఖరున వచ్చిన టీములను కింది లీగ్‌కి నెట్టేస్తారు. అమెరికాలో నెట్టరు. ఆఖరున వచ్చినవాడు వచ్చే ఏడాది కూడా దర్జాగా అక్కడే ఉంటాడు. పైగా కాలేజీల నుంచి వచ్చే కొత్తవాళ్ళను ఎంచుకోవడంలో మొదటి వంతు వాడిదే. జీతాలకు ఒక హద్దు ఉంటుంది, ఇద్దరు ముగ్గురు పేరున్నవాళ్ళకు మాత్రం ఆ హద్దు వర్తించదు. ఆటగాళ్ళు ఒప్పందం రాసుకునేది క్లబ్బుతో కాదు, లీగ్‌తోనే. క్లబ్బులు వాళ్ళను ఒకరికొకరు మార్చుకుంటాయి, దాన్ని ట్రేడ్ అంటారు. ఇన్ని జాగ్రత్తలూ తీసుకున్నాక సగానికి పైగా టీములు ప్లేఆఫ్స్‌కి వెళ్తాయి. అచ్చం మన పిల్లల పుట్టినరోజు ఆటలు, ఎవరూ ఉత్తచేతులతో ఇంటికి పోరు.

మా ఆయన మండిపడ్డారు. "ఆఖరున వచ్చినవాడికి శిక్షే లేకపోతే వాడెందుకు ఆడతాడే?"

"గిన్నెలు తోమడంలో మీరు పెళ్ళయినప్పటినుంచీ ఆఖరునే వస్తున్నారు. మిమ్మల్ని కింది లీగ్‌కి తోశానా?" అన్నాను. ఆయన టీవీ వైపు తిరిగారు.

పైగా అక్కడ ఆట పెరుగుతోంది, అది నా కళ్ళతో చూస్తున్నాను. ఒకప్పుడు వేరే ఆటల స్టేడియాల్లో అద్దెకున్న క్లబ్బులు ఇప్పుడు సొంతంగా కట్టుకుంటున్నాయి. కొత్త ఊరు లీగ్‌లో చేరాలంటే కట్టాల్సిన ప్రవేశ రుసుము వింటే కళ్ళు తిరుగుతాయి. అయినా మేమంటే మేమని ఊళ్ళు వరసలో నిలబడతాయి. ఎందుకు నిలబడవు? ఒకసారి లోపలికి వెళ్తే బయటికి తోసేవాడు లేడు.

మా తెలుగువాళ్ళ ఆదివారం ఫుట్‌బాల్ అప్పటికి కొనఊపిరితో ఉంది. ఆడగలిగినవాళ్ళంతా ఒకే టీములో దూరేవారు. ఓడినవాళ్ళు మరుసటి వారం 'పిల్లాడికి జ్వరం' అని మెసేజ్ పెట్టేవారు. జ్వరం వచ్చిన పిల్లాడు మాల్‌లో ఐస్‌క్రీం తింటూ నాకే ఎదురుపడేవాడు. ఇలా కాదని ఒకరోజు అందర్నీ కూర్చోబెట్టి, అమెరికా పద్ధతి పెడదాం, లీగ్ నేను నడుపుతాను అన్నాను. ఇంకెవరికీ ఆ చాకిరీ అక్కర్లేదు కాబట్టి ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. మౌంట్ ఆల్బర్ట్ టీముకి మేనేజర్ని కూడా నేనే. అక్కడ అన్నీ లీగ్ చేతుల్లో ఉన్నట్టే ఇక్కడ అన్నీ నా చేతుల్లో.

జీతాల హద్దుకి బదులు వయసు హద్దు పెట్టాను. ముప్ఫై దాటనివాళ్ళు టీముకి ఇద్దరే, మిగతావాళ్ళకి బొజ్జ తప్పనిసరి. ఎదుటివాళ్ళ గోల్ దగ్గర ముందే కాపు కాయకూడదనే ఆఫ్‌సైడ్ రూలు ఎవరికీ అర్థం కాలేదు గనుక ఎత్తేశాం. కొత్త టీము చేరాలంటే ప్రవేశ రుసుము ఒక డేగిశా బిర్యానీ. ఆక్లాండ్ శివారులోని హాబ్సన్‌విల్ అలాగే చేరింది. వాళ్ళ కెప్టెన్ హైదరాబాదీ, బిర్యానీ కొట్టు ఆయనదే, కాబట్టి రుసుము కట్టడంలో ఏ లోటూ రాలేదు. పామర్‌స్టన్ నార్త్ ఆస్పత్రిలో పనిచేసే మనవాళ్ళు కూడా ఫోన్ చేశారు. బిర్యానీ సంగతి ఎత్తితే, "అన్ని గంటలు డ్రైవ్ చేసుకుని వస్తే మీరే మాకు పెట్టాలి ఆంటీ!" అన్నారు. ఆ చర్చలు ఇంకా నడుస్తున్నాయి.

ఇప్పుడు అన్నయ్యగారి సంగతి. మా ఆయన అక్క, అంటే మా వదిన, ఇక్కడ నర్సు. ఆవిడకి ఉద్యోగం రాగానే అన్నయ్యగారు తెనాలిలో ఫిజిక్స్ లెక్చరర్ పని మానేసి వెంట వచ్చేశారు. ఇప్పుడు ఒక హార్డ్‌వేర్ షాపులో నట్లూ బోల్టులూ సర్దుతారు. మా టీములో మొదటిరోజు నుంచీ ఉన్నారు. ఇంటి అల్లుడు కదా, ఆయనకి జరగని మర్యాద లేదు. గ్రౌండు పక్కన మడతకుర్చీ ఆయనది. విరామంలో మొదటి టీ ఆయనకే, చక్కెర తక్కువ. షూ లేసు ఊడితే ఇద్దరు వంగేవాళ్ళు. ఆట మొదలయ్యాక ఎదుటివాళ్ళ గోల్ పక్కన చేతులు వెనక్కి కట్టుకుని, పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌లా నిలబడేవారు. ఎవరూ ఆయన్ని ఇబ్బంది పెట్టేవాళ్ళం కాదు.

మా గోల్‌కీపర్ మా ఆయన. కీపర్ గోల్ దగ్గర నిలబడి ఫోన్లో ఇంటి లోను గురించి మాట్లాడుతుంటే బంతులు ఎటుపోతాయో చెప్పక్కర్లేదు. మేం వరసగా ఓడుతున్నాం. అలాంటి సమయంలో హాబ్సన్‌విల్ కెప్టెన్ నా దగ్గరికొచ్చాడు.

"అక్కా, ఒక ముచ్చట. మా కీపర్‌ని నువ్వు తీస్కో. గా అంకుల్‌ని మాకియ్యి."

వాళ్ళ కీపర్ పళ్ళ డాక్టరు. తాటిచెట్టంత మనిషి, చేతులు చాపితే గోల్ కనబడదు. నా చెవులను నేను నమ్మలేదు. "ఏ అంకుల్?"

"కుర్చీ అంకుల్. మీరేమో ఆయన్ని ఆడ నిలబెట్టి పూజ చేస్తుండ్రు. మాక్కావాలె."

మనసు మార్చుకుంటాడేమోనన్న భయంతో అక్కడికక్కడే చెయ్యి కలిపేశాను. అన్నయ్యగారిని అడిగావా అంటారేమో, అమెరికాలో అడగరు. సాయంత్రం ఫోన్ చేసి చెబితే ఆయన, "ఓహో. జెర్సీ వాళ్ళిస్తారామ్మా, నేనే కొనుక్కోవాలా?" అన్నారు. ఎంత మంచి మనిషి అనుకున్నాను.

కాసేపటికి వదిన ఫోన్. "ఏమ్మా, మా ఆయన్ని ఎవరికో ఇచ్చేశావుట?"

"ఇవ్వలేదు వదినా, ట్రేడ్ చేశాను. అమెరికాలో పెద్దపెద్ద ప్లేయర్లనే..."

"పాతబట్టలేసి స్టీలుగిన్నె తెచ్చుకున్నట్టు నా మొగుణ్ణేసి పళ్ళ డాక్టర్ని తెచ్చుకున్నావన్నమాట!"

అంతవరకూ ఆ కోణంలో నేను ఆలోచించలేదు. వదిన ఊరుకోలేదు. మేం హాబ్సన్‌విల్‌లోనే కొత్త ఇల్లు కొన్నాం, గృహప్రవేశం దగ్గరపడింది. పాలు పొంగించాల్సింది ఆడపడుచు. "నా మొగుడికి మర్యాద లేని ఇంట్లో నేను పొయ్యి ముట్టించను. పళ్ళూ తాంబూలం పట్టుకుని వచ్చి, ఆయన్ని పిలిచి, మళ్ళీ మీ టీములో పెట్టుకో. అప్పుడు చూద్దాం," అని పెట్టేసింది.

గోరుచుట్టు మీద రోకలిపోటులా రాజమండ్రి నుంచి అత్తగారి ఫోన్.

"అల్లుణ్ణి అమ్ముకున్నావుటే?"

"అమ్మలేదత్తయ్యగారూ, మార్చుకున్నాం."

"నలభై కాసులు పోసి తెచ్చుకున్న అల్లుణ్ణే! బదులు ఎవర్నిచ్చారు?"

"పళ్ళ డాక్టర్ని."

వెంటనే ఆవిడ గొంతు మెత్తబడింది. "నా కింది పన్ను కదులుతోంది. ఓసారి అడిగి చూడు. అడిగాక వెనక్కిచ్చెయ్యి."

మా ఆయన ఈ వ్యవహారంలో తనకే సంబంధమూ లేనట్టు తోటలో గడ్డి కోస్తూ కూర్చున్నారు. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది, తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. అది తాపీగా నా ముందుకొచ్చి, "మమ్, అమెరికాలో విమెన్స్ లీగ్‌లో ప్లేయర్ ఓకే అంటేనే ట్రేడ్. యూ నో దట్, రైట్?" అంది. తెలుసు. ఇప్పుడు అక్కడి ఆడవాళ్ళ లీగ్‌లో ఆటగత్తెను అడగకుండా ఎక్కడికీ పంపడానికి వీల్లేదు. వాళ్ళు పట్టుబట్టి సాధించుకున్నారు. నేను తెచ్చుకున్నది మగవాళ్ళ రూలు. నోరు మూసుకుని హోంవర్క్ చేసుకోమన్నాను.

కోపం చల్లారాక మాత్రం నాకు భయమేసింది. మా వదిన నోరు పెద్దదే గానీ, నాకు ఒళ్ళు వెచ్చబడితే జావ కాచి తెచ్చే మనిషి ఈ ఊళ్ళో ఆవిడొక్కతే. ఆవిడ రాకుండా ఆ ఇంట్లో పాలు ఎలా పొంగుతాయి? పొంగినా నాకు సంతోషం ఏముంటుంది? అహం చంపుకుని కెప్టెన్‌కి ఫోన్ చేశాను. అతను బేరమేమీ ఆడలేదు. "అంకుల్ వస్తనంటే తీస్కపో అక్కా, నాకేం లేదు. ఆయన్నే అడుగు," అన్నాడు.

శనివారం పళ్ళెంలో అరటిపళ్ళు, తమలపాకులు, పసుపూ కుంకుమా పెట్టుకుని వాళ్ళ ఫ్లాట్‌కి వెళ్ళాను. తమలపాకుల కోసం మూడు ఇండియన్ షాపులు తిరిగాను. వదిన తలుపు తీసి, పళ్ళెం వైపు చూసి, సోఫా చూపించింది. అన్నయ్యగారు హాల్లో ఒంటికాలి మీద నిలబడి ఏదో వ్యాయామం చేస్తున్నారు. ఆయన్ని అలా చూడటం నాకదే మొదటిసారి.

"అన్నయ్యగారూ, తప్పయిపోయింది. మిమ్మల్ని మళ్ళీ మన టీములోకి పిలవడానికి వచ్చాను," అన్నాను.

ఆయన కాలు దింపారు. "రానమ్మా," అన్నారు.

వదిన నాకంటే ముందు అందుకుంది. "అదేంటండీ? అది ఇంటికొచ్చి మర్యాదగా పిలుస్తుంటే?"

"మర్యాదకి మీ టీములో ఎప్పుడూ లోటు లేదు తల్లీ. కుర్చీ ఇచ్చారు, టీ ఇచ్చారు, లేసులు కట్టారు." ఆయన గొంతులో నిష్ఠూరం లేదు, పాఠం చెబుతున్నట్టే ఉంది. "బాల్ ఒక్కటే ఎప్పుడూ ఇవ్వలేదు. అక్కడ ప్రాక్టీసులో నాకు బాల్ ఇస్తున్నారమ్మా."

'అన్నయ్యగారికి వెయ్యకండర్రా, పడితే బాగుండదు' అని మా కుర్రాళ్ళకు చెప్పిందాన్ని నేనే. గౌరవమనే అనుకున్నాను, ఒట్టు.

"నన్ను కావాలని ఒకడు ఒక మంచి కీపర్ని వదులుకున్నాడు," అన్నారాయన. "ఈ దేశం వచ్చాక నన్ను కావాలన్నది అతనే."

వదిన ఆయన వైపు తిరిగింది. "మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెబితే వెళ్ళి వాళ్ళతో పోట్లాడతావు."

అది నిజమే. వదిన పళ్ళెం నా చేతిలోంచి తీసుకుంది. "పాలకి వస్తాలే. ఆయనే రానంటుంటే నువ్వు మాత్రం ఏం చేస్తావు," అంది నాతో. తర్వాత ఆయన వైపు తిరిగి, "రేపు నేనూ గ్రౌండుకి వస్తాను," అంది. ఆవిడకి ఆదివారాలు డ్యూటీ ఉంటుంది. ఇన్నాళ్ళలో ఆయన ఆట ఒక్కసారి కూడా చూడలేదు.

మర్నాడు మాకూ హాబ్సన్‌విల్‌కీ మ్యాచ్. రాత్రంతా వాన పడి గ్రౌండు దమ్ము చేసిన మడిలా ఉంది. వదిన గొడుగు పట్టుకుని నా పక్కన నిలబడింది. అన్నయ్యగారు నారింజరంగు జెర్సీలో మా గోల్ పక్కన ఎప్పటిలాగే నిలబడ్డారు. మా టీముకి అలవాటు కదా, ఆయన్ని అడ్డుకోవాలని ఎవరికీ తట్టలేదు. ఆ కెప్టెన్‌కి కావాల్సింది సరిగ్గా అదేనని నాకప్పుడు తెలిసింది.

"అంకుల్, జర ఉర్కు!" అని కేకేశాడు కెప్టెన్.

వదిన నా భుజం పట్టుకుంది. "ఉరకమంటాడేంటే? ఆయనకి మోకాలు నొప్పి!"

ఆయన ఉరికారు. చేతులు వెనక్కి కట్టుకునే మనిషి చేతులు ఊపుకుంటూ ఉరికారు. బాల్ వచ్చింది. మొదటిది కాలికి తగిలి ఎటో పోయింది. "పర్లే అంకుల్, మళ్ళొస్తది!" అన్నారు వాళ్ళు. రెండోదాన్ని ఆపి వెనక్కిచ్చారు. వదిన గొడుగు పక్కకి వాలిపోయి నా నెత్తిన నీళ్ళు కారుతున్నా ఆవిడకి తెలియలేదు. మూడోది గాల్లో వచ్చింది. ముందు గోల్ ఖాళీ, మా పళ్ళ డాక్టరు గోల్‌కి ఆ చివర ఉన్నాడు. అన్నయ్యగారు కాలు ఎత్తి బలంగా తన్నారు. బాల్ తగల్లేదు. ఆయన మాత్రం గాల్లోకి లేచి, వెల్లకిలా బురదలో పడ్డారు.

అయ్యయ్యో అంటూ మా టీమంతా పరుగెత్తింది. మా ఆయన నీళ్ళసీసాతో, ఒకడు టవల్‌తో, నేను మడతకుర్చీతో.

"ఆగండక్కడ!" వెనకనుంచి వదిన అరుపు. "ఎవరూ ముట్టుకోకండి. ఆయన ఆడుతున్నారు!"

ఎక్కడివాళ్ళం అక్కడ ఆగిపోయాం. అన్నయ్యగారు మోచేతుల మీద లేచి, నిలబడి, కళ్ళలో బురద తుడుచుకున్నారు. తర్వాత బాల్ ఇటు వెయ్యమని చెయ్యెత్తారు.