కోతుల మీద వేసిన నింద

ఇన్నేళ్లుగా నా గుండెల మీద ఒక కోతుల మంద కూర్చుని ఉంది. నవ్వండి, ఫర్వాలేదు. కానీ పూర్తిగా విన్నాక నవ్వండి.

మా ఇల్లు గంగారం దగ్గర, గుట్ట వాలులో ఉంది. మా మామగారు వయసులో ఉన్నప్పుడు హైదరాబాద్ నుంచి ఒక ఇంజనీరును పిలిపించి కట్టించారు. వాలును చదును చేయకుండా, గదులనే దాని వెంట మెట్లు మెట్లుగా దింపారు. అడ్డొచ్చిన ఇప్పచెట్టును కొట్టకుండా కప్పులో గుండ్రటి ఖాళీ వదిలారు. హాలుకు గుట్టవైపు గోడే లేదు, అన్నీ అద్దాల తలుపులే. పొద్దంతా తెరిచే ఉండేవి. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి చూసి మెచ్చుకునేవారు. వాళ్లు మెచ్చుకున్నదంతా ఊడ్చేది మాత్రం నేను. ఆకులు, ఇప్పపూలు, చీమలు. ఒకసారి ఉడుము.

మానుకోటలో మా అక్కకు నున్నటి టైల్స్ ఇల్లుంది. నాకూ అలాంటిదే కావాలన్నాను. మామగారు ససేమిరా అన్నారు. అప్పుడు నేనేం చేశాను? ఆయన పొలానికి వెళ్లగానే కప్పు మీద పల్లికాయలు చల్లాను. రోజూ చల్లాను. అడవిలో తమ మానాన తాము బతుకుతున్న కోతులకు మా ఇల్లు మరిగించాను.

అవి వచ్చాయి. పప్పు గిన్నె బోర్లించాయి. ఒకటి మామగారి కళ్లజోడు పెట్టుకుని ఇప్పచెట్టెక్కి, అచ్చం ఆయనలాగే గుట్టను చూస్తూ కూర్చుంది. ఇక సామాను సర్దుకోవడమే అనుకున్నాను.

"మామా, మానుకోటకు పోదాం. గీ కోతులతోని పరేషాన్ అయితున్నం," అన్నాను.

"ఇల్లు ఇడిశిపెట్టి యాడికి పోత బిడ్డా? కడ్డీలు కొట్టిస్త."

"కడ్డీలేస్తే గుట్ట కనవడదు గదా!"

"కడ్డీల సందులకెళ్లి కనవడ్డంత చూస్త."

కొట్టించారు. చుట్టూ ఇనుప కడ్డీలు. చెట్టు కొమ్మలు నరికించి కప్పు ఖాళీకి కూడా జాలీ వేయించారు. ఇప్పుడు మేం బోనులో ఉన్నాం. కోతులు బయట కూర్చుని, పిల్లలను ఒళ్లో పెట్టుకుని మమ్మల్ని చూపిస్తుంటాయి. మానుకోట ఇల్లు రాలేదు. ఉన్న ఇల్లూ పోయింది.

మొన్న ఇల్లు చూడటానికి విద్యార్థులు వచ్చారు. ఇలా ఎందుకైందని ఒక అమ్మాయి అడిగింది. కోతులు, అన్నాను తడుముకోకుండా. పక్కనే ఉన్న మామగారు నొచ్చుకున్నారు. అడవి వాటిదే కదా, వాటిని ఏమీ అనొద్దన్నారు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

ఎనభై దాటిన మనిషి. రోజూ పొద్దున్నే కుర్చీని అటూ ఇటూ జరుపుకుంటూ గుట్ట కనిపించే సందు వెతుక్కుంటారు. ఆయనకు ఎందుకు చెప్పను? తిడతారనా? తిట్టరు. నిజం చెప్పాలంటే, కోతులు వాటంతట అవి రాలేదని తెలిస్తే కడ్డీలు తీయించేస్తారని భయం. మళ్లీ ఆ ఆకులన్నీ ఎవరు ఊడుస్తారు? చూశారా, ఇంత పశ్చాత్తాపంలోనూ నా బుద్ధి ఎక్కడుందో!

ఆయనకు చెప్పే ధైర్యం వస్తుందో రాదో తెలియదు. మీకైతే చెప్పేశాను. ఆ కోతులను పిలిచింది నేనే.