సైడు స్టాండు సత్యవేదం గారు

ఎదుటివాడి బండికి సైడు స్టాండు దించి ఉంటే ఆ సంగతి చెప్పకుండా ఉండలేకపోవడమే సత్యవేదం గారి జబ్బు. స్టాండన్నది పేరుకే. చొక్కా గుండీ ఊడినా, చేతిసంచికి చిల్లు పడినా, కారు పెట్రోలు మూత తెరుచుకుని ఉన్నా ఆయన చెప్పాల్సిందే. చెప్పే అవకాశం తప్పిపోయిన రోజున ఆయనకు అన్నం సహించదని భార్య కృపాబాయి గారికి బాగా తెలుసు. కెనడాలో, విండ్సర్‌లోని కారు విడిభాగాల ఫ్యాక్టరీవాళ్ళు ఆయనకు లోపాలు పట్టుకునే ఉద్యోగమిచ్చి, ఆ పనికి జీతం కూడా ఇస్తుంటే, ఈ దేశం ఎంత మంచిదో అనుకునేదావిడ. రిటైరయ్యాక ఆ చూపు మొత్తం ఊరి మీద పడింది.

ఒకసారి డెట్రాయిట్ వెళ్తుంటే అమెరికా సరిహద్దు దగ్గర ఆఫీసరు, "డిక్లేర్ చేయాల్సింది ఏమైనా ఉందా?" అని అడిగాడు.

"ఉందండి. మీ జేబులో పెన్ను కారుతోంది."

కృపాబాయి గారు పక్కసీట్లో కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ఆఫీసరు జేబు తడుముకుని, థాంక్స్ చెప్పి, డిక్కీ మాత్రం తెరిపించాడు.

చుట్టాలబ్బాయి డేవిడ్‌సన్ పెళ్ళిలో ఇంకా అన్యాయం. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు చర్చిలో మోకాళ్ళూనారు. అతని కొత్త బూట్ల అడుగున అంటించిన డిస్కౌంటు స్టిక్కరు సభ మొత్తానికీ కనపడుతోంది. అందరూ మూతి బిగించుకుని నవ్వాపుకుంటున్నారు. సత్యవేదం గారు ఒక్కరే లేచి, తల వంచుకుని ముందుకు నడిచి, గోటితో స్టిక్కరు గీకడం మొదలుపెట్టారు. కితకితలు పుట్టిన పెళ్ళికొడుకు సరిగ్గా ప్రమాణం దగ్గర కిసుక్కుమన్నాడు. పెళ్ళికూతురు తరఫువాళ్ళు ఇప్పటికీ అడుగుతుంటారు, ఆ నవ్వుకు అర్థమేమిటని.

అలాంటి మనిషి అరవై ఆరో ఏట, ఊరంతా చదువుకోవడానికి వచ్చిన మన తెలుగు పిల్లలతో నిండిపోయిన ఆ వేసవిలో, ఒక పాత మోటారు సైకిలు ఇంటికి తెచ్చారు. ఎప్పుడో నరసాపురంలో నడిపారు. విమానం ఎక్కాక మళ్ళీ హ్యాండిల్ ముట్టింది లేదు.

"ఏవండీ, మోకాలికి నూనె రాయందే మెట్లు ఎక్కలేరు. ఇదేం సరదా?" అన్నారు కృపాబాయి గారు.

"బండికి మెట్లు లేవుగా!"

"అసలెందుకండీ?"

ప్రపంచానికంతా సంగతులు చెప్పే మనిషి దానికి మాత్రం సమాధానం చెప్పలేదు. ముసలితనంలో కుర్రతనం అని సరిపెట్టుకుని ఆవిడ ఒక షరతు పెట్టారు. "లైసెన్సుకు రోడ్డు టెస్టు ఒక్కసారే. పాసైతే మీ ఇష్టం. తప్పారా, బండి అమ్మేయాలి. ప్రమాణం చేయండి." ఆయన బైబిలు మీద చెయ్యి వేయబోతే, "వద్దులెండి, మళ్ళీ అట్ట చిరిగిందంటారు" అని ఆపేశారు.

మొదటి రోజు పావుగంటలో వస్తానని వెళ్ళిన మనిషి రెండు గంటలకొచ్చారు, చెమటలు కక్కుకుంటూ.

"కృపా, ఈ బండి స్టాండులో ఏదో ఉంది. ఎదురొచ్చిన ప్రతి బైకువాడూ ఎడమచెయ్యి కిందికి దించి నా స్టాండు చూపిస్తున్నాడు. ఆపి చూస్తే పైకే ఉంటోంది. ఎక్కుతా. ఇంకొకడు చూపిస్తాడు. మళ్ళీ ఆపుతా."

కూతురు హోప్ సోఫాలో దొర్లి దొర్లి నవ్వింది. "డాడ్! దే ఆర్ జస్ట్ సేయింగ్ హాయ్!" ఇక్కడి బైకర్ల పలకరింపు అదేనట.

"పలకరించడానికి మొహం ఉండగా స్టాండెందుకూ?" అన్నారాయన. అయినా ఆయన ఊరుకున్నారా? పట్టపగలు హెడ్‌లైటు వేసుకుని వస్తున్న ప్రతివాడికీ అరచెయ్యి మూసి తెరిచి, లైటు ఆర్పుకోమని సైగ చేశారు. ఇక్కడి బైకులకు పగలూ లైటు వెలుగుతూనే ఉంటుంది. అది కూడా నమస్కారమే కాబోలనుకుని వాళ్ళు తిరిగి సైగ చేశారు. నెల తిరిగేసరికి విండ్సర్ బైకర్లలో సగంమంది అరచెయ్యి మూసి తెరుస్తూ పలకరించుకుంటున్నారని హోప్ ఎక్కడికెళ్ళినా చెప్పేది.

టెస్టు రోజు కృపాబాయి గారు లైసెన్సు ఆఫీసు బెంచీ మీద కూర్చుని, ఏం కోరుకోవాలో తేల్చుకోలేక ఊరికే "నీ చిత్తం" అని ప్రార్థించారు. చెవిలో రేడియో పెట్టుకుని సత్యవేదం గారు ముందు వెళ్ళారు. సూచనలు చెబుతూ ఎగ్జామినరు వెనక కారులో వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి సత్యవేదం గారి మొహం వేలాడుతోంది.

"పోయింది కృపా."

"ఏం చేశారు?"

"ఎడమకి తిరగమన్నాడు. తిరగలేదు." అని హెల్మెట్ విప్పుకోవడంలో పడ్డారు. ఎగ్జామినరు మాత్రం కారు వెనక్కి వెళ్ళి, వంగి బ్రేకు లైటు చూసుకుంటున్నాడు.

షరతు ప్రకారం బండి అమ్మకానికి పెట్టారు. కొనడానికి వచ్చినవాళ్ళకు చెయిన్ అరుగుదల, ఆయిలు చెమ్మ, సీటు కింద తుప్పు ఆయనే వంగి చూపించారు. కొననని వాళ్ళు చెప్పకముందే, "మీరు ఇంకో బండి చూసుకోండి బాబూ" అని సాగనంపారు.

ఆ శనివారం ఒకమ్మాయి తలుపు తట్టింది. భుజాన హోటలు భోజనాలు అందించే పెద్ద సంచి, వెనక వీధిలో బ్యాటరీ సైకిలు. "నమస్తే ఆంటీ, నేను మధుమిత. మాది జగిత్యాల, ఇక్కడ కాలేజ్ చేస్తున్న. అంకుల్ ఉన్నరా? సైకిల్ చక్రంకు గార్డు వేస్త రమ్మన్నరు."

"ఏం గార్డమ్మా?"

ఆ పిల్ల సంచిలోంచి ఒక చున్నీ తీసింది. సగం దాకా గ్రీజు మరకలు, కొస పీలికలు. "నాకు తెల్వదు ఆంటీ, ఇది చక్రంలకు పోతున్నది. వెనక ఒకటే హారన్. ఎవడో తిడుతున్నడు అనుకుని ఇంకా స్పీడు పెంచిన. అంతల 'అమ్మా, చున్నీ! చున్నీ!' అని తెలుగుల వినపడ్డది. మా ఊరి బస్టాండుల ఉన్నట్టే అనిపించి బ్రేక్ కొట్టిన. చక్రం ఇంకోసారి తిరిగితే మెడకు బిగుసుకునేదట. అంకుల్ కింద కూర్చుని విడిపిస్తుంటే వెనక కార్ల సారు 'లెఫ్ట్, లెఫ్ట్' అని ఒర్లుతనే ఉన్నడు. అది టెస్టని నాకు తర్వాత తెలిసింది ఆంటీ. సారీ."

కృపాబాయి గారు వెళ్ళి గ్యారేజీ తలుపు తీశారు. సత్యవేదం గారు నేల మీద కూర్చుని ఇనుప జాలీని అర్ధచంద్రాకారంలో కత్తిరిస్తున్నారు. గోడ వారగా అలాంటివే మరికొన్ని తయారై ఉన్నాయి.

"అవి నేను కేకులు ఆరబెట్టుకునే జాలీలు కదండీ!"

"ఒకటి మిగిల్చాను," అన్నారాయన.

"ఇందుకా బండి కొన్నారు?"

ఆయన కత్తెర కింద పెట్టారు. "కారులోంచి అరిస్తే ఎవరికి వినపడుతుంది కృపా? ఈ పిల్లలు ఇండియాలో అన్నల బండి వెనక కూర్చున్నవాళ్ళే గానీ నడిపినవాళ్ళు కాదు. అక్కడైతే చున్నీ జారితే రోడ్డంతా కేకలేస్తుంది. ఇక్కడ ఎవరూ ఏమీ అనరు. మర్యాదగా చూస్తూ వెళ్ళిపోతారు."

 ఆవిడ ఫోను తీసుకుని టెస్టుకు మళ్ళీ తేదీ బుక్ చేశారు.

"ఈసారి ఎవరు ఎలా పోతున్నా మీరు నోరెత్తకూడదు. తిరగమన్నవైపు తిరగాలి."

"మరి దారిలో ఎవరిదైనా స్టాండు దించి ఉంటే?"

"మీకంటే ముందు ఆ వీధులన్నీ నేను కారులో చుట్టేస్తా. ఎవరికేం చెప్పాలో నేను చెప్తా. సరేనా?"

సత్యవేదం గారి మొహం విప్పారింది. "సరే," అన్నారు. అంతలోనే ఉండబట్టలేక, "కారు అద్దం పూర్తిగా దించు కృపా. సగం దించితే వినపడదు."