రోడ్డు లేని సగం

2015 ఎండాకాలంలో నన్ను అచ్చంపేట నుంచి భువనగిరి వైపు ఒక చిన్న మున్సిపాలిటీకి టౌన్ ప్లానింగ్ సూపర్‌వైజర్‌గా బదిలీ చేశారు. హోదా పేరు పొడుగు, పని పొట్టి. ఎవరైనా ఇల్లు కట్టుకుంటామని దరఖాస్తు పెడితే టేపు పట్టుకుని జాగా కొలిచి రావాలి, ప్లానును నిబంధనలతో సరిచూసి నోట్ రాయాలి. సంతకం కమిషనర్‌ది. తిట్లు నావి.

యాదగిరిగుట్ట మీద పనులు మొదలవడంతో ఆ చుట్టుపక్కల అందరికీ ఒకేసారి ఇల్లు కట్టాలన్న ఆలోచన వచ్చింది. అక్కడి పద్ధతి ఏమిటంటే ముందు ముహూర్తం చూసి ముగ్గు పోస్తారు, పర్మిషన్‌కు తరువాత వస్తారు. ముహూర్తం పోతే మళ్ళీ దొరకదు, మున్సిపాలిటీ ఎక్కడికీ పోదు.

అలా ఇంటి పర్మిషన్‌కు దరఖాస్తు పెట్టిన యాదమ్మ ప్రభుత్వ దవాఖానలో నర్సు. భర్త నర్సింహ బస్సు డ్రైవర్. ఇద్దరివీ తాతల కాలంలో సెంటు భూమి లేని కుటుంబాలు. సొంత జాగాకు రిజిస్ట్రేషన్ కాగితం చూసిన మొదటివాళ్ళు వీళ్ళే. బ్యాంకు లోన్ ఇస్తానంది, కాని దసరాలోపు పర్మిషన్ కాపీ తేవాలంది. గడువు దాటితే మళ్ళీ కొత్త దరఖాస్తు. నర్సింహకు రిటైర్మెంట్ దగ్గర పడింది కాబట్టి రెండోసారి లోన్ వస్తుందన్న నమ్మకం లేదు.

జాగా చూడటానికి వెళ్ళాను. అప్రూవ్డ్ లేఅవుట్‌లోని ఒకే ప్లాటును నర్సింహ, అతని అన్న సత్తయ్య కలిసి కొన్నారు. తరువాత పెద్దమనుషులను కూర్చోబెట్టి పంచుకున్నారు. వాస్తు ప్రకారం పెద్దవాడు పడమరనో దక్షిణాననో ఉండాలి గనుక పడమటి సగం సత్తయ్యకు, తూర్పు సగం నర్సింహకు రాశారు. అంతా పద్ధతిగానే జరిగింది. ఒక్కటే చిక్కు, ఆ ప్లాటుకు ఉన్న ఒకే ఒక రోడ్డు పడమటి వైపుంది. ఇన్నాళ్ళూ అన్న ఖాళీ జాగాలోంచి నడిచారు కాబట్టి ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. ఇప్పుడు సత్తయ్య ముహూర్తం చూసుకుని ఈ హద్దు నుంచి ఆ హద్దు దాకా బేస్మెంటు లేపాడు. యాదమ్మ ఆ రాళ్ళు ఎక్కి దిగి నన్ను తన జాగాలోకి తీసుకుపోయింది.

రోడ్డు తగలని జాగాలో ఇంటికి పర్మిషన్ ఉండదు. ఫైరింజన్, అంబులెన్స్ గాలిలో రావు. ఆ మాటే షార్ట్‌ఫాల్ లెటర్‌లో, అంటే లోపాలు తెలిపే ఉత్తరంలో, మర్యాదగా రాశాను. సత్తయ్య దరఖాస్తుకూ అలాంటి ఉత్తరమే వెళ్ళింది. ప్లాటును పంచుకుంటే ఆ విభజనకు మున్సిపాలిటీ ఆమోదం ఉండాలి. వీళ్ళకు లేదు.

సత్తయ్యకు బజారులో బియ్యం దుకాణం. ఉత్తరం అందిన రోజే వచ్చాడు.

“తమ్మునికి దారి లేకుంటే నా పర్మిషన్ ఎందుకు ఆపుతరు సారూ? మేం ఏనాడో వేరువడ్డం.”

“మీరు వేరుపడ్డారు. లేఅవుట్‌లో మీ ప్లాటు ఇంకా కలిసే ఉంది” అన్నాను.

మరునాడు సత్తయ్య తరఫున ఒకరిద్దరు పెద్దమనుషులు ఫోన్ చేసి నా ఆరోగ్యం గురించి అడిగారు. బాగానే ఉందని చెప్పాను.

సులువైన మార్గం ఒకటుంది. ఇద్దరూ కలిసి ఒకే ఇంటికి దరఖాస్తు పెట్టి, కింద అన్న, పైన తమ్ముడు ఉండటం. ముగ్గురినీ ఆఫీసుకు పిలిచి చెప్పాను.

“చిన్నోడు నా నెత్తి మీద కాపురం పెడ్తడా?” అన్నాడు సత్తయ్య.

“గట్లయితే మేం కింద ఉంటం బావా. నువ్వే పైకి పో” అంది యాదమ్మ.

“నా మోకాళ్ళు జూసినవా?”

“చూడకేం? దవాఖానల నీకు సూదులేస్తున్నది నేనే గద.”

నర్సింహ మాత్రం ఫ్యాన్ ఎలా తిరుగుతుందో శ్రద్ధగా గమనించాడు. సమావేశం అక్కడితో ముగిసింది.

యాదమ్మ వదల్లేదు. డ్యూటీ దిగి నేరుగా నా టేబుల్ దగ్గరికి వచ్చేది. “రూలు మార్చుమంటలేను సారూ. గా రూలుల మేం ఎట్ల పడ్తమో జర చెప్పుండ్రి” అనేది. నా ఉద్యోగంలో రూలు పక్కన పెట్టమన్నవాళ్ళే గాని ఇలా అడిగినవాళ్ళు తక్కువ. ఒకరోజు ఆమె ముందే ప్లాటు బొమ్మ గీసి, ఉత్తర దక్షిణాలుగా ఉన్న మధ్య గీతను తూర్పు పడమరలుగా తిప్పాను. అప్పుడు రెండూ పొడుగాటి పట్టీలవుతాయి, రెండూ రోడ్డుకు తగులుతాయి. దక్షిణం పట్టీ అన్నకు, ఉత్తరం పట్టీ తమ్మునికి. సత్తయ్య తన వాస్తు మనిషిని తెచ్చుకున్నాడు. ఆయన బొమ్మను నాలుగు వైపులా తిప్పి చూసి, దక్షిణం కూడా పెద్దవాడికి తగిందేనని తేల్చాడు. నిబంధనకూ వాస్తుకూ ఏకాభిప్రాయం కుదిరిన సందర్భం నా సర్వీసులో అదొక్కటే.

ఇక మిగిలింది బేస్మెంటు. కొత్త గీత ప్రకారం అందులో సగం తమ్ముని జాగాలో పడుతుంది.

“లేపింది నేను, ఇచ్చేది మీకా?” అన్నాడు సత్తయ్య.

“ముందట మా పట్టీల పడ్డ సగం నువ్వియ్యి బావా. ఎనుక నీ పట్టీల అంత బేస్మెంటు మేం లేపిస్తం. ఇగ నీకేం తక్కువైతది?”

సత్తయ్య బొమ్మలో ముందు సగాన్నీ వెనక సగాన్నీ వేలితో కొలిచి చూశాడు. చివరికి, “మేస్త్రీ మాత్రం నా మనిషే ఉండాలె” అన్నాడు. ఒప్పుకున్నాడని మాకు అలా తెలిసింది.

పరస్పర మార్పిడి దస్తావేజు రిజిస్టర్ అయింది. విభజనకు ఆమోదం తీసుకున్నారు. మధ్యగోడ ఉమ్మడిగా రెండిళ్ళకు ప్లాను గీయించి, ఇద్దరి సమ్మతి పత్రం జతచేశారు. ముందూ పక్కలా వదలాల్సిన ఖాళీలోకి వచ్చిన రాతి వరసలు మాత్రం పగలగొట్టక తప్పలేదు. కొలిచి సున్నంతో గుర్తు పెట్టడానికి నేనే వెళ్ళాను. కూలీలను ఆగమని సత్తయ్య మొదటి దెబ్బ తానే వేశాడు. నర్సింహ ఇంకో సమ్మెట అందుకున్నాడు.

పర్మిషన్ దసరాకు ముందే వచ్చింది. యాదమ్మ కౌంటర్ దగ్గరే నిలబడి షరతులన్నీ చదివి, ఇంకుడు గుంత ఎంత లోతుండాలో కూడా అడిగి, కాపీ పట్టుకుని బ్యాంకుకు పోయింది. లోన్ అందింది.

ఆ తరువాత రిటైరయ్యే దాకా, ప్లాను విప్పే ముందే దరఖాస్తుదారును అడిగేవాణ్ణి, జాగా పంచుకున్నారా, రోడ్డు ఎవరి వంతుకు వచ్చిందని. నిబంధన చూపించి ఫైలు తిప్పి పంపడం తేలిక. అదే నిబంధనలో ఇమిడే గీత గీసి చూపించడానికి ఇంకో గంట పడుతుంది. ఆ గంట కూడా జీతంలో భాగమేనని నాకు తెలిసేటప్పటికి సర్వీసు సగం దాటింది.